నూటికి నూరు కావలెనా?

(యౌవనుల కూటమునకును, తలిదండ్రులకును పాఠము)



మా యింట జరిగిన యొక చిన్న సంగతితో ఈ పాఠము మొదలుపెట్టుచున్నాము. మా తమ్ముని కుమారుడు పట్టణములో ఇంటర్మీడియట్ చదువుచున్నాడు. వేసవి సెలవులకు ఊరు వచ్చి, మబ్బు పట్టిన యొక సాయంకాలమున తన నాయనమ్మను వెంటబెట్టుకొని చెరువుగట్టు మీదికి పోయెను. అతని సెల్‌ఫోనులో పోకెమాన్ గో అను ఆట కలదు. గట్టుమీద నడుచుచుండగా, కండలు తిరిగిన దేహముగల యొక చిన్న ప్రాణి తెరమీద కనబడెను. దాని పేరు మచాప్. నాయనమ్మ కళ్లద్దాలు సవరించుకొని చూచి, "ఓరి, వీడు పహిల్వానులాగ ఉన్నాడే! పట్టరా" అనెను. వాడు పట్టెను. ఆమె పలికిన పేరే దానికి పెట్టెను. సెలవులు ముగియువరకు ఆమె దినదినము, "మన పహిల్వాను ఏం చేస్తున్నాడురా?" అని అడుగుచునే యుండెను.

దసరాకు వాడు తిరిగి వచ్చినప్పుడు ఆమె మరల అడిగెను. వాడు తల వంచుకొనెను. ప్రాణులను దాచుకొను సంచిలో చోటు చాలక, తక్కువ నక్షత్రములు గలవాటినన్నిటిని ఒక్కసారిగా ఏరి, ఆటలోని ప్రొఫెసరుకు పంపివేసితినని చెప్పెను. పహిల్వానుకు ఒక్కటే నక్షత్రము. అట్లు పంపినందుకు దొరకినది ఒక్క క్యాండీ. పంపిన ప్రాణి మరల రాదు.

"అంత పనికిమాలినవాడా వాడు?" అని నాయనమ్మ అడిగెను.

వాడు జవాబు చెప్పలేకపోయెను. మాకును ఆ వేళ జవాబు తెలియలేదు. తరువాత వానిని కూర్చుండబెట్టుకొని, ఆట లెక్కలన్నియు అడిగి, కాగితముమీద వేసి చూచితిమి. ఆ లెక్కలో తేలినది మన యౌవనులకును, వారిని చూచి విసుగుకొను పెద్దలకును ఉపయోగపడునని తలంచి ఇక్కడ వ్రాయుచున్నాము.

1. ఆట ఎట్టిది?

ఆట తెలియని పెద్దల నిమిత్తము కొంచెము చెప్పవలెను. పోకెమాన్ ఆట జపాను దేశములో 1996 ఫిబ్రవరి 27న మొదట వెలువడెను. దానిని కల్పించిన సతోషి తజిరి చిన్ననాట పురుగులను పట్టి దాచుకొను పిల్లవాడు. మన పిల్లలు తొలకరి వానకు ఆరుద్ర పురుగులను ఏరి అగ్గిపెట్టెలో దాచుకొందురు గదా, ఆ సరదాయే అక్కడ ఆటగా మారినది. ఇరువది సంవత్సరముల తరువాత, 2016 జూలైలో, అదే ఆట వీధులలో నడచుచు ఆడునట్టి పోకెమాన్ గో రూపమున వచ్చెను. మన దేశములో అది 2016 డిసెంబరు 14న మొదలాయెను. దానిని తయారుచేసి నడిపిన నయాంటిక్ సంస్థ 2025లో తన ఆటల వ్యాపారమును స్కోప్లీ అను సంస్థకు అమ్మివేసినది.

ఆడువాడు నడువవలెను. సెల్‌ఫోను వానియున్న చోటు కనిపెట్టి, ఆ చోటి పటమును చూపును. దారిలో ప్రాణులు కనబడును. వాటిని బంతి విసరి పట్టవలెను. పోకెస్టాపులు అను మజిలీలలో బంతులు మొదలైన సరకులు దొరకును. ఆ మజిలీలు ఎక్కువగా స్మారక స్తంభములు, గ్రంథాలయములు, ఉద్యానవనములు, ఆరాధన మందిరములు ఉన్నచోట గుర్తుపెట్టబడినవి. అనేక దేశములలో చర్చి భవనములు కూడ వాటిలో నున్నవి. పట్టణములలో అవి అడుగడుగునకు ఉండును. పల్లెలలో బహు కొద్ది. ఈ భేదమును మనస్సులో ఉంచుకొనుడి. ముందుకు దీనితో పని యున్నది.

2. మూడు అంకెలు

ప్రతి ప్రాణికిని మూడు బలములు కలవు: దాడి, కాపుదల, ఓర్పు. ఇందులో పెద్ద భాగము దాని కులాసా రూపమునుబట్టి గాక, అది ఏ పేరుగల ప్రాణియో దానినిబట్టి వచ్చును. మచాప్ పెరిగి పెద్దదైన తరువాత మచాంప్ అగును. ప్రతి మచాంప్‌నకును దాడి 234, కాపుదల 159, ఓర్పు 207 మూలధనముగా నుండును. దానిపైన ఒక్కొక్క బలమునకు 0 మొదలు 15 వరకు ఎంతో కొంత అదనముగా, చీటి తీసినట్లు, ఆ ప్రాణి దొరకినప్పుడే పడును. దీనినే ఆటగాండ్రు ఐ.వి. అందురు. మూడును 15 పడినచో మొత్తము 45. అది నూటికి నూరు. పిల్లలు దానిని హండో అని పిలిచి, దానికొరకు పరుగులు తీయుదురు.

ఈ అంకెలను తూచి చూపు పద్ధతి 2016 ఆగస్టులో వచ్చినది. అప్పుడు ఆటలోని నాయకులు మాటలతో మాత్రమే అభిప్రాయము చెప్పెడివారు. 2019లో మూడు గీతలును, నక్షత్రములును వచ్చెను. మొత్తము 22కు లోబడినచో నక్షత్రము లేదు. 23 మొదలు 29 వరకు ఒకటి, 30 మొదలు 36 వరకు రెండు, 37 మొదలు 44 వరకు మూడు. 45 అయినచో ఎఱ్ఱని రంగుతో వేరుగా కనబడును. మన పహిల్వానుకు 7, 9, 8 పడినవి. మొత్తము 24. కనుకనే ఒక్క నక్షత్రము. నూటికి 53 అని తెరమీద గీతలు చెప్పినట్లు వానికి తోచినది. పరీక్షలో 53 వచ్చిన పిల్లవానిని చూచినట్లే వాడు దానిని చూచెను.

3. ఆ 53 నిజముగా 53యేనా?

ఇక్కడనే మన పిల్లలు మోసపోవుచున్నారు. ఆ 53 ప్రాణి యొక్క బలము కాదు. అదనముగా పడిన చిన్న భాగములో 53 మాత్రమే. పుట్టెడు వడ్లు కొలిచి, చివరకు కొసరుగా వేసిన దోసిలి సగమే యున్నదని, ఆ రైతుకు సగము పంటయే పండెనని చెప్పుదుమా?

లెక్క చూడుడి. పరిపూర్ణమైన మచాంప్‌నకు దాడి 234కు 15 కలిపి 249. మన పహిల్వాను పెరిగియుంటే వానికి 234కు 7 కలిపి 241. నూటికి 3 వంతులకంటె కొంచెము మాత్రమే తేడా. మూడు బలములను కలిపి ఆట చూపు పెద్ద అంకెను సి.పి. అందురు. 40వ లెవెలులో పరిపూర్ణమైన మచాంప్ సి.పి. 3056. అదే లెవెలులో మన పహిల్వాను సి.పి. 2860. అనగా నూటికి సుమారు 94. మూడును సున్నలే పడిన, అన్నిటికంటె హీనమైన మచాంప్‌నకు సైతము 2651. నూటికి దాదాపు 87. తెరమీద సున్న అనిపించుకొన్నది నిజములో 87. తెరమీద 53 అనిపించుకొన్నది నిజములో 94.

రెయిడ్ అను పెద్ద పోరాటములలో దొరకు ప్రాణులకు తేడా ఇంకను తక్కువ. వాటికి ఏ అంకెయు 10కి తగ్గదు. మ్యూటూ అను పేరుపొందిన ప్రాణి రెయిడ్‌లో ఎంత హీనముగా దొరకినను 10, 10, 10. దానిని 40వ లెవెలుకు పెంచినచో సి.పి. 4015. పరిపూర్ణమైన దానికి 4178. నూటికి 96. ఆ నాలుగు వంతులకొరకు వారములకొలది నిద్ర చెడగొట్టుకొను వారిని మేము ఎరుగుదుము.

4. పుట్టుక కంటె పెంపకము

పువ్వు పుట్టగానే పరిమళించునని పెద్దలు చెప్పుదురు. ఈ ఆటలో ఆ సామెత చెల్లదు. పట్టిన ప్రాణిని స్టార్‌డస్ట్, క్యాండీ అను సరకులు వెచ్చించి లెవెలు లెవెలుగా పెంచవలెను. పెంపకములో నున్న బలము పుట్టుకలో లేదు. పరిపూర్ణమైన మచాంప్‌ను 30వ లెవెలులో ఆపివేసినచో దాని సి.పి. 2620. సున్నలు పడిన దానినే ఓపికతో 40వ లెవెలుకు తెచ్చినచో 2651 అని పైన చూచితిమి. పెంచని పరిపూర్ణుని పెరిగిన సామాన్యుడు దాటిపోయెను! మన పహిల్వాను అయితే 2860తో చాల ముందుండెడివాడు. ఇల్లు అలకగానే పండుగ కాదన్నట్లు, నూరు దొరకగానే పని తీరదు.

రెండవది, తగిన చోట తగినవానిని నిలుపుట. ప్రతి ప్రాణియు నీరు, నిప్పు, రాయి, మల్లయుద్ధము మొదలైన ఏదో యొక రకమునకు చెందియుండును. ఎదుటివాని రకమునకు పైచేయియైన దెబ్బ 1.6 రెట్లు తగులును. ఎదుటివాడు రెండు రకములకు చెంది, రెండింటికిని ఆ దెబ్బ పైచేయియైనచో 2.56 రెట్లు. ఉదాహరణకు, టైరనిటార్ అను ప్రాణి రాయి రకమునకును, చీకటి రకమునకును చెందినది. మల్లయుద్ధపు దెబ్బ ఈ రెండింటిని జయించును. మనోబలపు దెబ్బయో, చీకటి రకమును తాకినచో 0.39 వంతుకు పడిపోవును. ఇప్పుడు నూటికి నూరు గల మ్యూటూ మనోబలముతో ఒకవైపు, ఒక్క నక్షత్రపు పహిల్వాను మల్లయుద్ధముతో మరియొకవైపు, ఒకే లెవెలులో నిలిచి, సమానమైన బలముగల దెబ్బలు వేసిరనుకొనుడి. 315ను 0.39తో హెచ్చించినచో సుమారు 123. 241ని 2.56తో హెచ్చించినచో సుమారు 617. దెబ్బ ఒక్కింటికి ఐదు రెట్లు! నక్షత్రములు చూచి సేనను కూర్చినవాడు ఓడును. ఎదుటివానిని చూచి కూర్చినవాడు గెలుచును.

మూడవది, నేర్చుకొను విద్య. ఒక్కొక్క ప్రాణి కొన్ని దెబ్బలను మాత్రమే నేర్చుకొనును. వాటిలో కొన్ని ప్రత్యేక దినములందు మాత్రమే సులువుగా దొరకును. 2018 అక్టోబరులో జరిగిన కమ్యూనిటీ డే అను పండుగలో బెల్డమ్ అను ప్రాణిని ఆ గడువులో పెంచి మెటాగ్రాస్‌గా మార్చినవారికి మీటియర్ మ్యాష్ అను దెబ్బ లభించెను. ఉక్కు రకములో దానికి ముందువరుసలో స్థానము వచ్చినది ఆ దెబ్బవలననే. నూరు పడినదొకటి దొరకిన తరువాతనే మార్చెదమని గడియలు లెక్కపెట్టుచు గడువు దాటబెట్టుకొనిన వానికి నూరును లేదు, ఆ దెబ్బయు లేదు. సామాన్యమైన బెల్డమ్‌ను వేళకు మార్చుకొనినవాడు మేలు పొందెను.

మన రైతులు ఎడ్ల సంతకు పోయినప్పుడు సుడులు చూచుట కలదు. చూడవచ్చును. కాని సుడులన్నియు శుభముగా నున్న ఎద్దు దొరకువరకు సంతలు తిరిగి, ఏరువాక దాటబెట్టుకొనిన రైతును ఊరు మెచ్చదు. ఎద్దుకు మేత వేసి, కాడి అలవాటు చేసి, పదునులో దున్నినవాడే గింజలు ఇంటికి తెచ్చుకొనును.

5. వెదకుటకు ఎంత ఖర్చు?

"తేడా చిన్నదే కావచ్చును, అయినను వెదకిన తప్పేమి?" అని యౌవనులు అడుగవచ్చును. ఖర్చు తెలిసికొని వెదకుడని మా మనవి.

సామాన్యముగా దారిలో కనబడు ప్రాణికి మూడును 15 పడుటకు 4096లో ఒక పాలు అవకాశము. వాతావరణము దానికి అనుకూలముగా నున్నచో 1728లో ఒకటి. రెయిడ్‌లో 216లో ఒకటి. కొందరు, "4096 పట్టినచో ఒకటి తప్పక వచ్చును" అని తలంచుచున్నారు. అది పొరబాటు. చీటి ప్రతిసారియు క్రొత్తగానే తీయబడును. నూరుమంది ఒక్కొక్కరు 4096 చొప్పున పట్టినను, వారిలో సుమారు 37 మందికి ఒక్కటియు రాదు. ఒక్కొక్కటి పట్టుటకు అర నిమిషము చొప్పున వేసినను 34 గంటలు దాటును. అదియు ఏదో యొక ప్రాణి కాక, కోరిన ప్రాణియే కావలెనన్నచో, ఆ ఒక్క పేరుగల వాటినే అన్నిటిని పట్టవలెను.

రెయిడ్‌నకు దినమునకు ఒక ఉచిత చీటి దొరకును. అంతకు మించి కావలెనన్నచో 100 నాణెములు పెట్టి కొనవలెను. జిమ్ములలో కాపుండి దినమునకు 50 నాణెములకంటె ఎక్కువ సంపాదించుటకు వీలులేదు. తక్కినవి చేతి డబ్బుతో కొనవలెను. 216 రెయిడ్‌లనగా 21,600 నాణెములు. గెలిచిన ప్రతిసారియు ప్రాణి చిక్కునను నమ్మకమును లేదు. నెల జీతము ఇంటికి పంపవలసిన బిడ్డ, తండ్రి పంపిన హాస్టలు డబ్బుతో చదువుకొను బిడ్డ, ఈ లెక్క ముందుగా వేసికొనవలెను. నాలుగు వంతుల బలమునకు నాలుగు నెలల పొదుపు పెట్టుట వివేకమా?

దీనికి ఎదురుగా మరియొక లెక్క. సామాన్యమైన ప్రాణి నొకదానిని పట్టినప్పుడు 100 స్టార్‌డస్ట్ వచ్చును. 20వ లెవెలునుండి 40వ లెవెలువరకు ఒక ప్రాణిని పెంచుటకు క్యాండీలు గాక 2,25,000 స్టార్‌డస్ట్ పట్టును. అనగా 2250 ప్రాణులను పట్టినచో సరిపోవును. నూరు దొరకునో లేదో తెలియని 4096 కంటె ఇది చాల తక్కువ. పైగా ఇది చీటి కాదు. పెట్టిన శ్రమకు తగిన ఫలము తప్పక వచ్చును.

పల్లెలోని యౌవనులకు ఈ మాట మరింత అవసరము. మజిలీలు కొద్దిగా నున్నచోట, రెయిడ్‌నకు పదిమంది కూడుట కష్టమైనచోట, పట్టణపు పిల్లవాడు గంటలో పట్టునన్ని ప్రాణులను మన పిల్లవాడు దినమంతయు తిరిగినను పట్టలేడు. నూటికి నూరే కావలెనని పట్టుపట్టినచో వానికి మిగులునది అసూయయు, చీకటిలో బావిగట్ల వెంబడి తిరుగు ప్రమాదమును మాత్రమే. దొరకినదానిని పెంచుకొందునన్నచో వాడెవ్వరికిని తీసిపోడు. లెక్కయే అట్లు చెప్పుచున్నది.

6. నిజముగా అవసరమైన చోటు

న్యాయము తప్పకుండ రెండవ పక్షమును చెప్పవలెను. నూటికి నూరు పనికివచ్చు చోటు ఒకటి కలదు. ఆటగాండ్రు ఒకరితో నొకరు పోరాడు పందెములలో మాస్టర్ లీగ్ అను దానికి సి.పి. హద్దు లేదు. అక్కడ ఇద్దరును ఒకే ప్రాణిని, కడవరకు పెంచినదానిని, తెచ్చుట తరచుగా జరుగును. ఇద్దరును ఒక్క క్షణముననే పెద్ద దెబ్బ వేయబోయినచో, దాడి అంకె ఎక్కువగా గలవానికే మొదటి వంతు. అట్టి చోట ఒక్క అంకెయు గెలుపోటములను తీర్చవచ్చును. ఆ పందెములలో పైమెట్టుకు పోగోరువాడు నూటికి నూరును కోరుట తప్పు కాదు. అట్లే కేవలము సేకరించు సరదాకొరకు ఒకటి దొరకినప్పుడు సంతోషించుటయు తప్పు కాదు. మన పెద్దలు పాత నాణెములు కూడబెట్టలేదా?

కాని ఆ పక్కనే మరియొక వింత కలదు. గ్రేట్ లీగ్‌లో సి.పి. 1500 దాటరాదు, అల్ట్రా లీగ్‌లో 2500 దాటరాదు. సి.పి. కట్టునప్పుడు ఆట దాడి అంకెను పూర్తిగా తీసికొని, కాపుదల ఓర్పులకు వర్గమూలము మాత్రమే తీసికొనును. కాబట్టి దాడి తక్కువగా నున్న ప్రాణి హద్దు దాటకుండ మరికొన్ని లెవెళ్లు పెరుగగలదు. దెబ్బలకు ఎక్కువసేపు నిలువగలదు. అందుచేత ఆ పందెములలో అనేక ప్రాణులకు 0, 15, 15 వంటి అంకెలే శ్రేష్ఠములు. మొత్తము 30. తెరమీద రెండు నక్షత్రములు. నక్షత్రములు తక్కువని పంపివేసినవాడు తెలియక తన మేలైన యోధుని ఒక్క క్యాండీకి అమ్ముకొనినవాడగును. ఒకచోట లోపమనిపించినదే మరియొకచోట బలమగుచున్నది. ఏ పనికి అని అడుగకుండ మంచిది, చెడ్డది అని తీర్పు చెప్పుట ఈ ఆటలో కూడ చెల్లదు.

7. స్నేహితునికి ఇచ్చినప్పుడు

మా కుఱ్ఱవాడు చెప్పిన సంగతులలో మా మనస్సును ఎక్కువగా తాకినది ఇది. ఇద్దరు స్నేహితులు దగ్గరకు చేరి తమ ప్రాణులను మార్చుకొనవచ్చును. అట్లు చేయి మారినప్పుడు పాత అంకెలు చెరిగిపోయి, చీటి మరల తీయబడును. నీ నూటికి నూరును స్నేహితునికి ఇచ్చినను వాని చేతిలో అది నూరుగా నిలువదు. ఇచ్చినది ప్రాణిని, అంకెను కాదు. కొన్నిసార్లు ఆ మార్పిడి అదృష్టపు మార్పిడిగా మారును. అప్పుడు ఏ అంకెయు 12కు తగ్గదు. నూరు పడుటకు 64లో ఒక పాలు అవకాశము వచ్చును. దానిని పెంచుటకు స్టార్‌డస్ట్ సగమే చాలును. చూచితిరా, ఒంటరిగా తిరిగినవానికి 4096లో ఒకటియైనది, స్నేహితునితో కూడినవానికి ఎంత దగ్గరకు వచ్చినదో! ఇంతేకాదు, మచాప్ కొంచెము ఎదిగి మచోక్ అయినప్పుడు దానిని స్నేహితునికి ఇచ్చినచో, మచాంప్‌గా మార్చుటకు పట్టు 100 క్యాండీలు ఇక అక్కరలేదు.

8. ఆటకు వెలుపల

తలిదండ్రులారా, ఈ పాఠము పిల్లలకొరకు మాత్రమే కాదు. మా కుఱ్ఱవాడు ఒక్క నక్షత్రమును చూచి పహిల్వానును పంపివేసెనని మేము మందలింపబోగా వాడొక మాట అనెను: "పెదనాన్నా, కాలేజీలో మా పేర్లు కూడా మార్కుల వరుసలోనే గోడకు అంటిస్తారు." మాకు నోట మాట రాలేదు. ఎవడు ఏ పనికి తగినవాడో, ఎంత పెంపకము దొరకినదో, ఏ విద్య నేర్చుకొనగలడో చూడక, ఒక్క అంకెను చూచి వరుసలో నిలబెట్టు అలవాటు వానికి ఆటవలన రాలేదు. మనవలన వచ్చినది. అలవాటును వాడు ఆటలోనికి తీసికొనిపోయెను, అంతే. సెల్‌ఫోనును తిట్టకముందు మన నోటిని మనము సరిచూచుకొనవలెను.

9. ఆచరణకు నాలుగు మాటలు

మొదటిది: ప్రాణిని పంపివేయకముందు, ఇది ఏ పోరాటమునకు, ఏ లీగ్‌నకు పనికివచ్చునో చూడుడి. తరువాతనే నక్షత్రములు చూడుడి.

రెండవది: ఎక్కువ అంకెలుగల పదింటిని పెంచక ఉంచుటకంటె, తగిన రకములలో ఆరింటిని బాగుగా పెంచుట మేలు.

మూడవది: వెదకుటకు గంటయో, రూపాయియో హద్దు ముందుగా పెట్టుకొనుడి. చీటిపాటలో హద్దు లేనివాడు ఎప్పుడును ఓడినవాడే.

నాలుగవది: ఒకరి జ్ఞాపకముతో కూడిన ప్రాణికి ఇష్టమైనదను గుర్తు పెట్టుడి. ఆ గుర్తు పసుపుపచ్చని నక్షత్రము. అది ఉన్నంతకాలము ఆ ప్రాణిని పొరబాటున పంపుటకు వీలుపడదు. ఆట ఇచ్చు నక్షత్రములు చీటి తీసినట్లు పడును. ఈ ఒక్క నక్షత్రము మాత్రము మనము ఇచ్చునది.

ఇక నాయనమ్మ ప్రశ్నకు జవాబు. "అమ్మా, వాడు పనికిమాలినవాడు కాడు. నూటికి తొంబది నాలుగు వంతులు ఉన్నవాడే. పెంచియుంటే మన ఇంటి టైరనిటార్‌ను వాడే పడగొట్టెడివాడు" అని చెప్పితిమి. ఆమెకు టైరనిటార్ ఎవరో తెలియలేదు గాని, తొంబది నాలుగు తెలిసినది. మనవని వైపు చూచి, "విన్నావురా?" అనెను.

సంక్రాంతికి వాడు మరల వచ్చి, నాయనమ్మ చేయి పట్టుకొని చెరువుగట్టుకు పోయెను. రెండు సాయంకాలములు మచాప్ కనబడలేదు. మూడవనాడు ఒకటి దొరకెను. పాత పేరే పెట్టిరి. ఇంటికి వచ్చిన తరువాత, "ఎన్ని నక్షత్రములురా?" అని మేము అడిగితిమి. వాడు సెల్‌ఫోను తెర మాకు చూపెను. పసుపుపచ్చని నక్షత్రమొకటి మాత్రము వెలుగుచుండెను. "తక్కినవి నాయనమ్మ చూడవద్దన్నది" అని నవ్వెను.

కూటములో ఆలోచించుటకు ప్రశ్నలు

1. తెరమీద నూటికి 53 అని తోచిన ప్రాణి నిజమైన బలములో నూటికి 94 ఎట్లాయెను? ఇట్లే చిన్న భాగమును మొత్తమని భ్రమించిన సందర్భము మీ జీవితములో ఏదైన కలదా?

2. పుట్టుక, పెంపకము, తగిన చోటు, నేర్చిన విద్య: ఈ నాలుగింటిలో ఈ ఆటలో దేనికి ఎక్కువ బలము? మీ ఇంటిలోని పిల్లల విషయములో మీరు దేనిని ఎక్కువగా చూచుచున్నారు?

3. గ్రేట్ లీగ్‌లో తక్కువ దాడి అంకె ఎందుకు మేలగుచున్నది? మన సంఘములో నెమ్మదియైనవారని ప్రక్కన పెట్టబడినవారు ఏ పనికి శ్రేష్ఠులు కాగలరు?

4. ఈ నెలలో ఆటమీద మీరు వెచ్చించిన గంటలను, డబ్బును కాగితముమీద వ్రాయుడి. దానిలో ఎంత భాగము స్నేహితులతో గడచినది? ఎంత భాగము అంకెకొరకు గడచినది?